మా బండికి నాలుగు తాళాలు

1వ రోజు, సోమవారం. వాన లేదు. పొద్దున ఏడింటిదాకా మంచు.

ఈ పుస్తకం వాహన భద్రతా సహకార సంఘం వాళ్ళు ఇచ్చారు. ఎగువపేటలో నలభై ఇళ్ళని ఎంచి, బళ్ళకి అదనపు రక్షణ సామాన్లు ఒకదాని తరవాత ఒకటి బిగించి అరవై రోజులు చూస్తారట. అవి దొంగల్ని ఆపుతున్నాయా, మనల్నే ఆపుతున్నాయా అన్నది ఇంటివాళ్ళు రాయాలి. పుస్తకం తెచ్చిన అధికారి పేరు పొట్నూరు మాలిని. ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి, మాటకి ముందు నిబంధన నంబరు చెబుతుంది. రోజుకి రెండు లైన్లు చాలంది.

నేను ముప్ఫై రెండేళ్ళు వాతావరణ కేంద్రంలో వానకొలత రాశాను. వాన పడని రోజున కూడా సున్నా అని రాసి కింద సంతకం పెట్టేదాన్ని. రెండు లైన్లతో ఆపడం నాకు చేతకాదు.

నా పేరు హైమావతి, వయసు అరవై ఒకటి. మా ఆయన గౌరీశ్వరరావు గారు ఘాట్‌రోడ్డు మీద ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపారు. ఇప్పుడు డ్రైవరు సీటు ఎక్కకూడదని డాక్టరు ఆజ్ఞ. కిడ్నీలు పాడయ్యాయి. ఆయన కణాలతోనే కొత్త కిడ్నీ ఒకటి విజయనగరంలో పెంచుతున్నారు. పోయిన నెల వెళ్ళి చూసొచ్చాం. గాజుబుడ్డిలో చింతపిక్కంత ఉంది. ఈయన కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసి, తన ముక్కే వచ్చిందన్నారు.

అది పెద్దదయ్యేదాకా మంగళ, గురు, శనివారాలు దిగువ ఆస్పత్రిలో నాలుగేసి గంటలు రక్తం కడిగించుకోవాలి. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు, అందులో పదహారు మలుపుల ఘాట్. బస్సులు తీసేసి తొమ్మిదేళ్ళయింది. పక్కింటివాళ్ళ బండి మన చేతికి పలకదు. మా బండి పోతే మూడో రోజుకి ఈయన కాళ్ళు వాస్తాయి, అయిదో రోజుకి ఆయాసం మొదలవుతుంది. అందుకే మాలిని అడగ్గానే ఒప్పుకున్నాను.

2వ రోజు, మంగళవారం. వాన సున్నా. ఘాట్‌లో మంచు పదకొండుం పావుకి విడిచింది.

మొదటి సామాను వచ్చింది. జల్లెడ గాజు.

తన చిన్నప్పుడు బండికి తాళంచెవి ఉండేదని, అది పోతే ఇల్లంతా వెతికేవాళ్ళని మా నాన్న చెప్పేవాడు. ఇప్పుడు పోవడానికి చెవి లేదు. పద్దెనిమిదేళ్ళు నిండగానే కుడి మణికట్టు చర్మం కింద నువ్వుగింజంత ముద్రగింజ పెడతారు. నేను ఆరడుగుల దూరంలోకి రాగానే బండి గుర్తుపట్టి తలుపు తీస్తుంది. ఈయన నడపకూడదు కనక ఈయన గింజని బండి గుర్తుల్లోంచి తీసేశారు. దొంగలు దీన్నే పట్టుకున్నారు. ఒకడు సంచి పట్టుకుని మన పక్కన నిలబడతాడు. సంచిలో ఉన్న పరికరం మన గింజ పిలుపుని అందుకుని, బండి దగ్గర నిలబడ్డ రెండోవాడి సంచికి పంపిస్తుంది. బండి పాపం మనమే వచ్చామనుకుంటుంది. అద్దం పగలదు, చప్పుడు ఉండదు. ఎగువపేటలో ఈ ఏడాది పంతొమ్మిది బళ్ళు ఇలాగే వెళ్ళిపోయాయి. ఘాట్ ఎక్కించి, కొండ అవతల విప్పేసి ముక్కలుగా అమ్ముతారట.

జల్లెడ గాజు అంటే సన్నటి లోహపు తీగతో అల్లిన పట్టీ. మణికట్టుకి చుట్టుకుంటే గింజ పిలుపు బయటికి పోదు. బాగానే ఉంది. కానీ నేను బండి ఎక్కాలంటే విప్పాలి, దిగాక చుట్టుకోవాలి. చెయ్యి దురదపెడుతోంది.

6వ రోజు, శనివారం. జల్లు, మూడు మిల్లీమీటర్లు.

గాజు దొంగనే కాదు, అందర్నీ ఆపుతుంది. గింజతోనే ఇంటి తలుపు, గింజతోనే కొట్లో చెల్లింపు, గింజతోనే ఆస్పత్రి గేటు. ఈ రోజు గేటు దగ్గర విప్పడం మరిచిపోయాను. గేటు ఈయన్ని లోపలికి పంపి నన్ను బయట నిలబెట్టింది. లోపలి నుంచి ఈయన చెయ్యూపి, నాలుగు గంటల తరవాత వస్తానని చెప్పి వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

8వ రోజు, సోమవారం. ఎండ.

పక్కింటి సూరపునాయుడు గారి బండి పోయింది. ఆయన మధ్యాహ్నం భోంచేసి వీధి అరుగు మీద కునుకు తీశారు. గాజు చుట్టుకుంటే నిద్రపట్టదని తీసి కిటికీలో పెట్టారు. కిటికీలో గాజు అలాగే ఉంది, వాకిట్లో బండి లేదు.

ఇప్పుడు బండి లేకపోయినా ఆయనకి భయం పోలేదు. రేకు బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టుకుని పడుకుంటున్నారు. రేకు డబ్బాలోంచి పిలుపు బయటికి పోదని ఎవరో చెప్పారట. అది నిజమేనని మాలిని కూడా ఒప్పుకుంది. కాకపోతే ఈ సాయంత్రం మా ఆయన పలకరింపుకి వెళితే, సూరపునాయుడు గారు కుడిచేత్తో నమస్కారం పెట్టబోయి అరుగంతా బియ్యం పోశారు.

12వ రోజు, శుక్రవారం. వాన సున్నా.

రెండో సామాను బిగించారు. దీని పేరు నిజంగానే తాళం. స్టీరింగు మీద వేళ్ళతో మనం పెట్టుకున్న దరువు వేస్తేనే బండి ఆన్ అవుతుంది. గింజ ఒక్కటీ చాలదు. దొంగ తలుపు తీసుకుని కూర్చున్నా దరువు తెలియకపోతే కూర్చోవడమే. నాకు ఈ ఆలోచన నచ్చింది.

దరువు ఈయన్ని పెట్టమన్నాను. కండక్టరు బస్సు రేకు మీద కొట్టే పద్ధతిలో రెండు, ఒకటి, మూడు అని పెట్టారు. నా వేళ్ళకి అది పట్టుబడటానికి మూడు రోజులు పట్టేలా ఉంది. తప్పు వేసిన ప్రతిసారీ హారన్ మోగుతుంది. ఈయన వెనక సీట్లోంచి చప్పట్లు కొడుతూ సరైన దరువు నేర్పారు. కిటికీలు తీసి ఉన్నాయి. సాయంత్రానికి వీధిలో పిల్లలంతా అదే దరువు గిన్నెల మీద వేస్తున్నారు. దరువు మార్చాం. కొత్తది రాయను.

17వ రోజు, బుధవారం. మబ్బు.

మూడోది సంఘం ఇచ్చిందే అయినా ఈయన దాన్ని చూసి చుట్టాన్ని చూసినట్టు సంతోషించారు. ఇనుప కడ్డీ. స్టీరింగుకి అడ్డంగా బిగించి తాళం వేయాలి. ఎర్ర రంగు, మూరెడు పొడుగు, బరువుంటుంది. ఈయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బళ్ళకి ఇలాంటివే వాడేవారట. బిగించడానికి నాకు నాలుగు నిమిషాలు పడుతోంది, తియ్యడానికి అయిదు. రెండుసార్లు వేలు నలిగింది.

అయినా మాలిని లెక్క చెబితే ఆశ్చర్యపోయాను. నలభై ఇళ్ళలో ఇప్పటికి ముగ్గురి బళ్ళు పోతే, కడ్డీ బిగించి ఉన్న బండి ఒక్కటీ పోలేదు. దొంగ అద్దంలోంచి చూస్తాడు, ఎర్రగా కడ్డీ కనిపిస్తుంది, పక్క బండికి పోతాడు. అంటే మన బండిని కాపాడేది కడ్డీ కాదు, కడ్డీ లేని పక్కింటి బండి. సూరపునాయుడు గారికి ఈ మాట చెప్పలేదు.

20వ రోజు, శనివారం. మంచు పదకొండుదాకా విడవలేదు.

నాలుగోది, ఆఖరిది. దూరపు బ్రేకు. బండిలో పెట్టిన పెట్టె ఎక్కడున్నామో సంఘానికి చెబుతుంటుంది. బండి పోయిందని మనం చెప్పగానే, అధికారి తన పలక మీద మీట నొక్కుతుంది. పది క్షణాల్లో బండి ఎక్కడుంటే అక్కడ ఆగి చక్రాలు బిగుసుకుపోతాయి. ఫిర్యాదు వచ్చిన ఇరవై నిమిషాల్లోగా మీట నొక్కాలని నిబంధన. ఆలస్యమైతే బండి కొండ దాటిపోతుంది, సంకేతం అందదు.

ఎక్కడుంటే అక్కడేనా అని అడిగాను. అవునంది మాలిని. సంతకం పెట్టాను. ఈయన మాత్రం కాగితం చూసి, దీన్ని కనిపెట్టినవాడు ఎప్పుడూ కొండెక్కలేదన్నారు.

31వ రోజు, బుధవారం. వాన సున్నా.

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు వరసగా రాస్తాను.

నిన్న తెల్లవారకముందే మొదలైన విడత ముగించుకుని, పదింటికి ఆస్పత్రి నుంచి బయల్దేరాం. రక్తం కడిగాక ఈయనకి చలి పుడుతుంది. వెనక సీట్లో పడుకుని, తల మీదుగా దుప్పటి కప్పుకున్నారు. ఘాట్ మొదట్లో పళ్ళ బజారు దగ్గర ఆపాను. ఈయన తినదగ్గ పళ్ళు మూడో నాలుగో ఉన్నాయి, అందులో అనాస ఒకటి. లోపల వెచ్చగా ఉండాలని బండి ఆన్‌లోనే ఉంచి దిగాను. మనిషి లోపల ఉండగా కడ్డీ ఎలా బిగిస్తాను, అది ఈయన కాళ్ళ దగ్గరే పడి ఉంది. దరువు బండి ఆన్ చేసేటప్పుడే కావాలి, ఆన్‌లో ఉన్నదానికి అక్కర్లేదు. నిలిపి ఉంచిన బండికి నా గింజ దూరమైతే తలుపులూ గేరూ వాటంతటవే బిగుసుకుంటాయి కదా, చాలనుకున్నాను. చేతికి జల్లెడ గాజు ఉంది.

కొట్లో డబ్బు కట్టాలంటే గాజు విప్పాలి. విప్పాను.

అప్పుడే పక్కన ఒకాయన వచ్చి, గుడ్డసంచి భుజాన వేసుకుని, మంచి అనాసని ఎలా పోల్చాలమ్మా అని అడిగాడు. చాలా మర్యాదగా అడిగాడు. నడిమి ఆకు లాగితే తేలిగ్గా రావాలని, అడుగున వాసన చూడాలని, బరువు చూసుకోవాలని ఒక్కొక్కటే చేతిలో పెట్టి నేర్పాను. అయిదు నిమిషాలు నేర్పాను. అంత శ్రద్ధగా విన్న మనిషిని ఈ మధ్య చూడలేదు. అతను దండం పెట్టి పండు కొనకుండా వెళ్ళిపోయాడు. నేను రెండు పళ్ళు చంకన పెట్టుకుని తిరిగి చూస్తే బండి లేదు.

ఈయన ఫోను నా సంచిలోనే ఉంది.

సంఘం గది బజారు చివరే. పరిగెత్తాను. అరవయ్యేళ్ళ మనిషిని, అనాసపళ్ళు వదలకుండా పరిగెత్తానని అక్కడికి వెళ్ళాక తెలిసింది. మాలిని పలక తీసింది. మా బండి పచ్చచుక్కగా ఘాట్ ఎక్కుతోంది. మొదటి మలుపు దాటింది. ఘాట్ పైన చెక్‌పోస్టుకి ఫోను చేసి పోలీసులకి చెప్పింది. తరవాత వేలు మీట మీదికి వెళ్ళింది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. లోపల మా ఆయన ఉన్నారని చెప్పాను. అయినా ఆమె వేలు తీయలేదు. ఇరవై నిమిషాల్లో నొక్కకపోతే తన ఉద్యోగం పోతుందని, పై నుంచి ఎవరడిగినా నిబంధనే అడుగుతారని అంది. దొంగ చేతిలో ఆయన్ని కొండ దాటనివ్వడం కన్నా ఆపడమే నయం కదా అని కూడా అంది. అది తప్పు మాట కాదు.

నేను కిటికీలోంచి కొండకేసి చూశాను. గోడ గడియారం పది యాభై. ముప్ఫై రెండేళ్ళు ఆ మంచుకి లెక్క రాసినదాన్ని. వాన లేని చలికాలపు పొద్దుట మూడో మలుపు నుంచి తొమ్మిదో మలుపుదాకా మంచు గోడలా ఉంటుంది, పదకొండుం పావుకి గానీ కదలదు. ఆ వేళకే పై నుంచి రాళ్ళ లారీలు దిగుతాయి. మంచులో, మలుపులో ఆగిపోయిన బండి లారీవాడికి గుద్దాక గానీ కనబడదు.

మాలినికి అదే చెప్పాను. "పదకొండుం పావుదాకా ఆగు తల్లీ. మంచు విడిచాక నువ్వు నొక్కు, నేను పట్టుకోను. ఇప్పుడు నొక్కితే నిబంధన బతుకుతుంది, ఆయన బతకరు."

ఆమె గడియారం చూసింది. అప్పటికే ఎనిమిది నిమిషాలయ్యాయి. ఇంకా పన్నెండు నిమిషాలకి ఆమె గడువు, ఇరవై అయిదు నిమిషాలకి నా గడువు. పలక బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

ఇద్దరం ఆ చుక్కని చూస్తూ కూర్చున్నాం. కింద నేల మీద బళ్ళు వాటంతటవే పోతాయి. ఘాట్‌లో దారి చూపించే తీగ కొండచరియలకి ఎప్పుడో కొట్టుకుపోయింది, చేత్తోనే తిప్పాలి, చేత్తోనే గేరు వేయాలి. ఈ కాలం కుర్రాళ్ళకి అలవాటు లేదు. రెండో మలుపులో చుక్క వేగంగా దూసుకెళ్ళి, మలుపు మధ్యలో ఒక్కసారిగా ఆగినంత పనిచేసింది. మూడో మలుపులోనూ అంతే.

నాలుగో మలుపుకి చుక్క మలుపు రాకముందే నెమ్మదించింది. తిరిగాక వేగం అందుకుంది. అయిదో మలుపులోనూ అలాగే, ముందే నెమ్మది, తిరిగాక వేగం. ఆరో దాని దగ్గర ఒక్క క్షణం నిలబడి, హారన్ కొట్టి వినేంతసేపు ఆగి, అప్పుడు వెళ్ళింది. ముప్ఫయ్యేళ్ళు నేను ఆ మనిషి నడిపిన బస్సులో పుట్టింటికి వెళ్ళాను.

"ఈయన లేచారు," అన్నాను మాలినితో.

ఆమెకి అర్థం కాలేదు. బండి ఎవరో చెబుతుంటే నడుస్తోందని, చెప్పేది మా ఆయనేనని చెప్పాను. అప్పుడు ఏడ్చాను. ఆమె ఒక గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆమె గడువు దాటిపోయిందని ఇద్దరికీ తెలిసింది గానీ ఎవరమూ గడియారం చూడలేదు.

పదకొండూ పదికి చుక్క ఎనిమిదో మలుపు అవతల, పాత వ్యూపాయింటు దగ్గర ఆగింది. కదల్లేదు. మాలిని తన బండి తీసింది. నేను ముందు సీట్లో కూర్చుని ఒక్కో మలుపూ చెప్పాను. వెళ్ళేసరికి మంచు లోయలోకి జారుతోంది. వ్యూపాయింటులో టీకొట్టు ఒకటుంది. మా బండి కొండ వైపు గోడకి ఆనించి ఉంది. ఈయన దుప్పటి కప్పుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఆయన ముందు రెండు ఖాళీ గ్లాసులు ఉన్నాయి.

రోజుకి మొత్తం మీద ఆయన తాగదగ్గది ముప్పావు లీటరే. రెండూ నిండు గ్లాసులే. దొంగ ఏమయ్యాడని అడగడానికి ముందు ఆ రెండు టీల గురించి ఎంత తిట్టానో మాలినికి తెలుసు. టీకొట్టాయన భయపడి మూడో గ్లాసు వెనక్కి తీసుకున్నాడు.

32వ రోజు, గురువారం. వాన సున్నా.

సంఘం వాళ్ళు బండిలో జరిగింది కూడా పుస్తకంలో ఉండాలన్నారు. కాబట్టి ఈయన చెబుతున్నారు, నేను రాస్తున్నాను. మాటలు ఆయనవే, అక్షరాలు నావి.

"మొదటి మలుపు దాకా నేను నిద్రలోనే ఉన్నాను. రెండో మలుపులో తల తలుపుకి తగిలింది. మా హైమ ఇంత దరిద్రంగా నడపదు కదా అనుకున్నాను. దుప్పటి తీసి చూస్తే ముందర ఎవడిదో మెడకాయ. వాడికి నేనున్నట్టు తెలీదు. మూడో మలుపులో బండి ఏడుస్తోంది, వీడు పై గేరులోనే తొక్కుతున్నాడు. ఆగలేక, 'గేరు దించు బాబూ,' అన్నాను.

వాడు అద్దంలో నన్ను చూసి స్టీరింగు వదిలేసినంత పని చేశాడు. 'ఏటలా చూస్తావు, ముందుకి చూడు,' అన్నాను. చూశాడు. అదృష్టం, మాట వినే మనిషే.

నా కాళ్ళ దగ్గర ఇనుప కడ్డీ ఉంది. ఒక్కటి వేస్తే సరిపోను. కానీ ఘాట్‌లో డ్రైవరుని ఎవరూ కొట్టకూడదు, వాడు దొంగైనా సరే. కడ్డీ సీటు కిందకి తన్నేశాను.

దిగిపొమ్మన్నాడు. ఎక్కడ దిగమంటావు, మంచులో, లోయ వైపా, కొండ వైపా అని అడిగాను. అప్పుడు నాలుగో మలుపు వస్తోందని, ముందే నెమ్మది చెయ్యమని చెప్పాను. బ్రేకు వాడు బస్తా దించినట్టు దించుతాడు, ఎడమ భుజం పైకి లేస్తాది. అది చివరిదాకా మారలేదు గానీ మలుపు మాత్రం అయిదో దానికి పట్టుకున్నాడు.

ఏడో మలుపు దాటాక అసలు మాట చెప్పాను. ఇంకా తొమ్మిది మలుపులున్నాయి, నేను లేకపోతే నువ్వు దాటలేవు. నేనుంటే పైన చెక్‌పోస్టులో పోలీసులకి దొరుకుతావు, ఈపాటికి మా ఆవిడ వాళ్ళందరికీ చెప్పేసి ఉంటాది. నీ ఇష్టం. తరవాత నాకేం జబ్బని అడిగాడు. చెప్పాను. ఎనిమిదో మలుపు దాటాక టీకొట్టు దగ్గర ఆపమంటే ఆపాడు. దిగి కాఫీ తోటలోకి పోయాడు. నా కళ్ళద్దాలు మా హైమ సంచిలో ఉండిపోయాయి, ముఖం సరిగా కనబడలేదు. చెవులు పెద్దవి. ఇంతే."

ఇంతేనా అని అడిగాను. ఇంతేనన్నారు. టీల సంగతి మాత్రం చెప్పలేదు.

38వ రోజు, బుధవారం. జల్లు, ఒక మిల్లీమీటరు.

మాలినిని సంఘం పెద్దలు పిలిచి విచారించారు. నేనూ వెళ్ళాను, పిలవకుండానే. అయిదుగురు బల్ల అవతల కూర్చున్నారు. ఇరవై నిమిషాల నిబంధన ఎందుకు పాటించలేదని అధ్యక్షుడు ఆమెని మూడు రకాలుగా అడిగాడు. ఆమె మూడుసార్లూ ఒకటే చెప్పింది, లోపల మనిషి ఉన్నాడని. నా పేరు ఎత్తలేదు. నా మాట విని ఆగానని కూడా అనలేదు.

నాకు మాట్లాడే అవకాశం లేదన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఈ పుస్తకం రాయమన్నది మీరే, అందులో ఉన్నది చదువుతానని చెప్పి ముప్ఫై ఒకటో రోజు మొత్తం చదివాను, అనాసపళ్ళతో సహా. మధ్యలో ఇద్దరు నవ్వారు. లారీల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

చివర అధ్యక్షుడు విసుగ్గా, ఇంతకీ ఈ అదనపు సామాన్ల వల్ల ఉపయోగం ఉందా లేదా, ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. ఒక్క ముక్కలో రాదన్నాను. గాజు పనిచేస్తుంది, విప్పనంతసేపు. దరువు పనిచేస్తుంది, బండి ఆపి దిగితే. కడ్డీ అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే దొంగకి కళ్ళకి కనబడేది అదొక్కటే. నేను ఆ రోజు మూడింటినీ నా చేత్తోనే తీసి పక్కన పెట్టాను, గాజు డబ్బు కట్టడానికి, మిగతా రెండూ ముసలాయనకి చలి వేస్తుందని. మళ్ళీ చలి వేస్తే మళ్ళీ తీస్తాను. మీ సామాన్లు అన్నీ ఒంటరి బండిని కాపాడతాయి, మనిషి ఉన్న బండిని కాదు. దూరపు బ్రేకుకి మాత్రం కళ్ళు లేవు, దానికి మాలినిలాంటి వాళ్ళ కళ్ళే కావాలి.

మాలినికి మందలింపు కాగితం ఇచ్చారు. ఉద్యోగం ఉంచారు. నిబంధనలో ఒక వాక్యం చేర్చారు, మీట నొక్కే ముందు లోపల ఎవరైనా ఉన్నారా, బండి ఎలాంటి చోట ఉంది అని అడగాలని. బయటికి వచ్చాక ఆమె ఆ మందలింపు కాగితం నాకు చూపించింది. నిబంధన నంబరు తప్పు వేశారట. దాని మీద అప్పీలు చేస్తానంది.

54వ రోజు, శుక్రవారం. ఎండ. మంచు లేదు.

నిన్న సాలూరు దగ్గర ఇద్దరు దొంగలు ఇంకో బండితో దొరికారు. ఈయన్ని గుర్తుపట్టడానికి రమ్మని ఈ పొద్దున స్టేషనుకి పిలిచారు. నేనే తీసుకెళ్ళాను. అనాసపళ్ళ ఆయన్ని నేను చూడగానే గుర్తుపట్టాను. అతనూ నన్ను గుర్తుపట్టి, అలవాటుగా దండం పెట్టాడు.

ఈయన ముందు అయిదుగురిని నిలబెట్టారు. ఈయన అటూ ఇటూ నడిచి, నాకు ముఖాలు తెలియవు, వెనక్కి తిప్పమన్నారు. తిప్పితే అయిదుగురికీ చెవులు పెద్దవే. ఎస్సై గారు తల పట్టుకున్నారు. అప్పుడు ఈయన, ఒక్కొక్కరినీ బండి నడపమనండి, నేను వెనక కూర్చుంటానని అడిగారు. ఎస్సై కుదరదన్నారు. ఈయన అయితే నాకూ కుదరదన్నారు. కాసేపటికి గేటు మూసి, పోలీసు జీపు ఒకటి తెచ్చి, పక్కన ఒక కానిస్టేబులుని కూర్చోబెట్టి, ఆవరణ చుట్టూ తిప్పించారు. ఈయన ప్రతిసారీ వెనక సీట్లో చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మూడో అతను మొదటిసారి బ్రేకు వేయగానే కళ్ళు తెరిచారు. మిగతా ఇద్దరినీ కూడా చూసి, దిగి, మూడో ఆయనే అన్నారు.

అతని పేరు కాశీ. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కాదని అనలేదు.

ఎస్సై వాంగ్మూలం రాయించి చదివి వినిపించారు. బండి పోయిన చోటు, వేళ, మలుపులు, టీకొట్టు, అన్నీ ఉన్నాయి. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చారు. ఈయన పెన్ను తీసుకుని, ఇంకో ముక్క ఉందన్నారు.

నాకు కూడా చెప్పని ముక్క అది. కాశీ ఆ రోజు బండి దిగి తోటలోకి ఇరవై అడుగులు వెళ్ళాడట. మళ్ళీ వెనక్కి వచ్చాడట. బండి వాలులో ఉంది, చేతి బ్రేకు సరిగా పడలేదు. అతను ఒక పెద్ద రాయి వెతికి తెచ్చి వెనక చక్రం కింద పెట్టి, కాలితో తన్ని చూశాడట, కదులుతుందేమోనని. తరవాత అద్దంలోంచి వంగి, "తాతా, నిన్ను తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తారా?" అని అడిగాడట. మా ఆవిడ వస్తుందని ఈయన చెప్పాక వెళ్ళిపోయాడట.

ఎస్సై గారు, ఇది కేసుకి పనికిరాదు సార్, దీనికి ఇందులో గడి లేదన్నారు.

ఈయన పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టేశారు. "దొంగిలించింది రాశారు. నడిపింది రాశారు. రాయి పెట్టింది కూడా రాస్తే సంతకం పెడతాను."

ఎస్సై నా వైపు చూశారు. నేను గోడ మీద కేలండరు చూశాను. భోజనాల వేళ దాటింది. ఈయన మందుల వేళ కూడా దాటుతోంది, ఆ సంగతి నేను చెప్పలేదు. తలుపు దగ్గర నిలబడ్డ కాశీ అంతవరకూ నేల చూస్తున్నవాడు తలెత్తాడు.

చివరికి ఎస్సై గారు కాగితం తన వైపు లాక్కుని, అట్టడుగున చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. ఒక్క లైనులో సరిపోలేదు, కాగితం తిప్పి వెనక వైపు పూర్తి చేశారు. ఈయన దాన్ని రెండుసార్లు చదివించుకుని, రాయి పెద్దదని కూడా వేయించి, సంతకం పెట్టారు. తేదీ మరిచిపోతే నేను గుర్తు చేశాను.